పీర్ల పండుగ ఎండల్లో వచ్చిన ఏడు

మా మేడమీద గదిలో అద్దెకుండే మౌనిక చరిత్రలో పిహెచ్.డి. చేస్తోంది. ఏడో ఏడు నడుస్తోంది. ఒక్కో అధ్యాయం పూర్తయినప్పుడల్లా తెచ్చి నా చేతిలో పెడుతుంది. నాకు చరిత్ర తెలియదు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. తేదీలు, కూడికలు సరిచూసి, తప్పున్నచోట పెన్సిలుతో గీత గీసి ఇస్తాను. ఏప్రిల్ నెలాఖరున నాలుగో అధ్యాయంలో అలాంటి గీత ఒకటి గీశాను. దానివల్లే ఈ ప్రయాణం.

అది కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ అధ్యాయం. ఆ వీధిలోకి కార్మిక సంఘం రాకముందే, ఎవరూ చెప్పకుండానే, అక్కడి ఆడవాళ్ళు పని ఆపేశారని అందులో ఉంది. మౌనిక పరిశోధనంతటికీ ఆధారం ఆ ఒక్క సంఘటన. రాజవ్వ అనే ఆవిడ తానే చేశానని చెప్పింది. పీర్ల పండుగ నాడు ఊరేగించే పీరీల ముందు నిలబడి, ఇక బీడీ ఆకు ముట్టనని మొక్కిందట. ఆమె వయసును బట్టి మౌనిక దానికి డెబ్బైల చివర ఒక సంవత్సరం వేసింది. ఆ కిందే, అప్పుడే బీడీలు చుట్టే కొత్త తునికాకు వచ్చిందని కూడా రాసింది.

తునికాకు వచ్చేది ఎండాకాలంలో. పీర్ల పండుగ చంద్రమానాన్ని బట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ అన్ని కాలాలూ తిరిగి వస్తుంది. పాత పంచాంగాలు నేను పారేయను. తీసి చూస్తే, మౌనిక వేసిన సంవత్సరంలో ఆ పండుగ చలికాలంలో వచ్చింది. ఎండల్లో వచ్చింది అరవైల మధ్యలో, మళ్ళీ తొంభైల చివరలో. తొంభైల నాటికి ఆ వీధిలో సంఘం జెండా పాతబడిపోయింది. అరవైల్లో అయితే రాజవ్వ ఏ వయసుది?

మౌనిక ఆ గీత చూసి, పక్కనున్న క్యాలెండరు చూసింది. గ్రంథం సమర్పించడానికి మే నెలాఖరే ఆఖరి గడువు. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, ఏడేళ్ళూ పోతాయి.

"తప్పు పట్టింది మీరు. మీరే రండి టీచర్. నేనొక్కదాన్నే పోయి అడిగితే మళ్ళ గదే చెప్తది" అంది.

నేను బాపట్లలో పుట్టి, పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చినదాన్ని. ఇన్నేళ్ళలో కరీంనగర్ దాటి పోలేదు. సంచి సర్దుకున్నాను.

జగిత్యాల

జగిత్యాల చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. బస్టాండు బయట ఎటు చూసినా మామిడి కాయలే. లారీల మీద, తోపుడు బండ్ల మీద, నేలమీద గడ్డి పరిచి దాని మీద. కిలో నలభై అన్నాడు బండివాడు. మా రైతుబజారులో ఎనభై. రెండు కిలోలు కొన్నాను. ప్రయాణం మొదట్లోనే బరువు కొనడం తెలివితక్కువ పని. సాయంత్రానికి చెయ్యి లాగేసింది.

మౌనిక నన్ను తాను బి.ఏ. చదివిన కాలేజీ గేటు దాకా తీసుకెళ్ళింది. వేసవి సెలవులు, తాళం వేసి ఉంది. గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ తన చదువు కథ చెప్పింది. ఇక్కడ చరిత్రలో మొదటి స్థానం. హైదరాబాదులో ఎం.ఏ. తర్వాత పరీక్ష రాసి ఫెలోషిప్పు. మొదటి గైడు రెండో ఏట రిటైరయ్యాడు. రెండో గైడు విషయం మార్చమన్నాడు, ఏడాది గడిచాక పాతదే మేలన్నాడు. ఫెలోషిప్పు అయిదేళ్ళకు ఆగిపోయింది. ఇప్పుడు ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. పిహెచ్.డి. చేతికొస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

"గీ గేటు దగ్గర నిలబడి, మూడేండ్లల్ల డాక్టరేటు తెస్తనని మా సార్ కు చెప్పిన" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆమె నాన్న మల్లేశం ఆటోలో వచ్చాడు. కల్లు గీత కార్మికుడు. మోకాళ్ళు పట్టేశాక తాళ్ళెక్కడం మాని ఆటో నడుపుతున్నాడు. వాళ్ళ ఊరు పెగడపల్లి దగ్గర. దారంతా వెనక్కి తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు చూడమని రెండుసార్లు చెప్పాను.

"నువ్వేం భయపడకు టీచరమ్మా. తాడెక్కినోన్ని, గిది నేలే గదా" అన్నాడు.

ఇక్కడ పెద్దవాళ్ళనైనా కొత్తవాళ్ళనైనా నువ్వనే అంటారు. మా వైపు కొత్త మనిషిని నువ్వంటే తగాదా అవుతుంది. ఇక్కడ రెండు రోజులకే, 'మీరు' అనేవాళ్ళు నన్ను దూరం పెడుతున్నారేమో అనిపించడం మొదలైంది.

ఇంటి ముందు ఆటో దిగుతుండగానే పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది. "ఏం మౌనికా, గిప్పుడు ఎన్నో క్లాసు?"

"ఇరవై నాలుగో క్లాసు అత్తమ్మా" అంది మౌనిక.

"పాసైతవా?"

"నువ్వు దీవిస్తె అయిత."

ఆవిడ పడీ పడీ నవ్వింది. మౌనిక తల్లి లక్ష్మి మాత్రం నవ్వలేదు. ఆమె కూడా బీడీలు చుట్టేది, ఇప్పుడు కళ్ళు కనబడక మానేసింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం పెట్టింది. మా బాపట్లలో చారు కాచకుండా వడ్డిస్తే మనిషికి ఒంట్లో బాగాలేదనుకుంటారు. ఇక్కడి పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు. చింతపండు, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తిన్నాక తాటి ముంజలు. వేలితో పొడిచి తాగడం రాక చీర కొంగంతా తడుపుకున్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే లక్ష్మి పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "టీచరమ్మా, గీ నెలతోని అయిపోతదా? నిజం చెప్పు."

ఇన్నేళ్ళుగా ఎవరే లెక్క అడిగినా జవాబు చెప్పినదాన్ని. ఆమెకు మాత్రం "చూద్దాం" అన్నాను.

కోరుట్ల

మర్నాడు పొద్దున్నే కోరుట్ల. బస్టాండు దగ్గర మక్క గారెలు తిన్నాం, ప్లేటు ముప్పై. మొక్కజొన్నను ఇక్కడ మక్క అంటారు. మా మినపగారెల కంటే గట్టిగా ఉన్నాయి, నా కట్టుడు పళ్ళతో సాహసమే.

రాజవ్వ ఉండే వీధిలో ప్రతి అరుగు మీదా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన ఆకు, మధ్యలో తంబాకు కుప్ప. ఆకు అందుకోవడం, పొడి పరచడం, చుట్టడం, కొస మడిచి దారం కట్టడం అన్నీ ఒకే కదలికలా జరిగిపోతాయి. చేతులు ఆగవు, నోళ్ళూ ఆగవు. ఒకావిడ టీవీ సీరియల్ కోడలిని తిడుతోంది. మౌనికను అందరూ గుర్తుపట్టారు. "మన డాక్టరమ్మ అచ్చింది, సూదులు తెచ్చినవా?" అని ఒకామె అడిగింది.

రాజవ్వ సన్నటి మనిషి. పక్కన కూర్చోబెట్టుకుంది, చాయ్ తెప్పించింది. మౌనిక అడగగానే కథ మొదలుపెట్టింది.

"షావుకారు మనిషి మంచి బీడీ కట్టలే బాగలేవని పక్కకు పడేసేటోడు. మల్ల అవే తీసుకపోయి అమ్ముకునేటోడు. పీరీలెల్లే నాడు అందరం తొవ్వ మీద నిలవడ్డం. వాడు సుత అచ్చిండు. నేను పోయి పీరీ ముందట సాట బోర్లిచ్చిన. వీడు మంచి కట్టలు పారేసుడు బంద్ చేసేదాంక ఆకు ముట్ట అని మొక్కిన. నా ఎనుక అందరు బోర్లిచ్చిండ్రు. పీరీ ముందట మొక్కినంక ఎవ్వలు తప్పుతరు? వాడు తప్పుతడా?"

ఆ వీధిలో హిందువులు, ముస్లింలు అందరూ పీరీలకు మొక్కుతారు. అక్కడ పెట్టిన ఒట్టు పోలీసు స్టేషనులో రాసిచ్చిన దానికంటే గట్టిదట. చెబుతుంటే రాజవ్వ కళ్ళు మెరిశాయి. నాకూ అది నిజమేననిపించింది. అందుకే తేదీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"అప్పుడు నీ వయసెంత?" అన్నాను.

"పదిహేనుంటయి."

"కొత్త ఆకు వచ్చిందా?"

"అచ్చింది. కందీళ్ళ ఎలుగుల కత్తిరిచ్చేటోళ్ళం. ఎండలు గట్లనే ఉండె."

నేను పీర్ల పండుగ ఎలా జరుగుతూ వస్తుందో చెప్పాను. ఆమె పదిహేనేళ్ళప్పుడు అది చలికాలంలో వచ్చిందన్నాను. ఎండల్లో రావాలంటే ఆమె నడక రాని పిల్ల అయి ఉండాలన్నాను. బడిలో చెప్పినట్టు వేళ్ళు మడిచి మరీ చెప్పాను.

రాజవ్వ చేతులు ఆగాయి. వీధిలో మాటలూ ఆగాయి.

"అంటె నేను అబద్దమాడుతున్ననా?" అంది.

"అబద్ధమని కాదు, లెక్క..."

"లెక్కనా? పొద్దంత కట్టలు లెక్కవెట్టేటోళ్ళను చూసిన. వాళ్ళు సుత నువ్వడిగినట్టే అడిగేటోళ్ళు" అని చాట తీసుకుని లోపలికి పోయింది. మౌనిక వెనకే వెళ్ళింది. తలుపు దగ్గర నిలబడి "అవ్వా, అవ్వా" అని బతిమాలింది. లోపల గొళ్ళెం పడింది.

చాయ్ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. తాగాలో వద్దో తెలియలేదు. సీరియల్ కోడలిని తిడుతున్న ఆవిడ చివరికి జాలిపడింది.

"రాజవ్వకు అక్కున్నది, లచ్చవ్వని. సిరిసిల్లకిచ్చిండ్రు. పెద్దామె, ఆమెకు ఎర్కుంటది. పోయి అడుగుండ్రి. కని ఆడ గిట్ల ఏళ్ళు మడవకు అమ్మా" అంది.

చందుర్తి మీదుగా

కోరుట్ల నుంచి సిరిసిల్లకు కథలాపూర్, చందుర్తి, వేములవాడ మీదుగా బస్సు. యాసంగి, అంటే మా దాళ్వా, వడ్లు కోసిన రోజులు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పెట్టారు. బస్సు మిగిలిన సగంలో ఒరుసుకుంటూ పోతోంది. చందుర్తి ముందు ఎదురుగా ట్రాక్టరు వచ్చి రెండూ ఆగిపోయాయి. వెనక్కి పొమ్మని ఈయన, నువ్వే పొమ్మని ఆయన. ముందు సీటులో కూర్చున్న ముసలాయన దిగి, వడ్లను చేత్తో కొంచెం పక్కకు జరిపి, బస్సు పోయాక మళ్ళీ సర్ది ఎక్కాడు. ఆ వడ్లు ఆయనవి కావట. మా జిల్లాలో అయితే ఆ వడ్లు ముట్టినందుకు పంచాయతీ పెట్టేవాళ్ళు.

 మౌనిక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మధ్యలో ఆమె గైడు ఫోను చేశాడు. ఆయన గొంతు పెద్దది, నాకూ వినిపించింది. చేతిలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యమన్నాడు. సంవత్సరం సంగతి తర్వాత పుస్తకం వేసేటప్పుడు దిద్దుకోవచ్చన్నాడు. పరీక్షకులెవరూ పీర్ల పండుగ ఎప్పుడొచ్చిందో చూడరన్నాడు.

ఫోను పెట్టేశాక నేనే అన్నాను. "ఆయన చెప్పింది బాగానే ఉంది. ఇచ్చెయ్."

అప్పుడు తిరిగి చూసింది. "మీరా టీచర్ గీ మాట అనేది? అద్దె రసీదు మీద తారీఖు తప్పు పడితే చింపి మళ్ళ రాసే మీరా?"

"రసీదుకు గడువు లేదు. నీకుంది."

"ఆమెను వాడకట్టంత ముందట అబద్దాలదాన్ని చేసి, గిప్పుడు తప్పని తెలిసిన సంవత్సరమే అచ్చు వెయ్యాల్నా? అవ్వ చెప్పింది నిజం కాదని నేననుకోను. మరి ఏది నిజం? అది తెల్వకుంట డాక్టరునని చెప్పుకొని పిల్లలకు ఏం పాఠం చెప్త?"

 నిన్నటి మామిడికాయ ఒకటి తీసి ఇచ్చాను. వద్దంది. కాసేపటికి తీసుకుని, కోపంగానే తింది.

సిరిసిల్ల

లచ్చవ్వ ఇంటి ముందు గదిలో రెండు మరమగ్గాలు. కొడుకు నడుపుతున్నాడు. ఆ మోతకు నా పళ్ళు కూడా అదిరాయి. లోపలి గదిలో కూర్చున్నా అరిచి మాట్లాడాల్సిందే. లచ్చవ్వది ఆ ఇంట్లో అరిచి అరిచి ఖంగుమనే గొంతు. మాకు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె. ముందు తినాలి, తర్వాతే మాట అంది. మా వైపు వచ్చిన పని అడిగాకనే కాఫీ కలుపుతారు.

తింటుండగా కరెంటు పోయింది. మగ్గాలు ఠక్కున ఆగాయి. లచ్చవ్వ గొంతు మాత్రం ఆగలేదు. "ఇంతకు నీకు పెండ్లయిందా లేదా బిడ్డా?" అని ఆ నిశ్శబ్దంలో వీధంతా వినబడేలా అరిచింది. ఎదురింట్లోంచి ఎవరో "కాలేదనుకుంటా పెద్దమ్మా" అని జవాబిచ్చారు. కొడుకు నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

ఈసారి నేను నోరు విప్పలేదు, వేళ్ళు మడవలేదు. మౌనికే అడిగింది, పీరీ ముందు ఎవరు నిలబడ్డారని.

"మా అమ్మ" అంది లచ్చవ్వ వెంటనే. "నర్సవ్వ. షావుకారు మనిషి సుత నడుముకు పీరీల దట్టీ కట్టుకొని పెద్దమనిషి లెక్క అచ్చిండు. మా అమ్మ పోయి వాని కాళ్ళ కాడనే సాట బోర్లిచ్చింది. నేను చూసిన. నాకు పదో పన్నెండో ఉంటయి."

"రాజవ్వ?"

"రాజి నా సంకల ఉండె. ఇంక నడుస్తలేదు. షర్బత్ కావాల్నని ఒకటే ఏడుపు."

మౌనిక నోట్సులో రాసుకుంది. 

"అందరు సాటలు బోర్లిచ్చిండ్రా?" అని అడిగింది.

"అందరా? ఇంకో ఇద్దరో ముగ్గురో. తక్కినోళ్ళు తెల్లారి చూసి కలిసిండ్రు. అంబలి తాగి ఉన్నం. ఎన్ని రోజులంటె చెప్పలేను. వానలకు ముందే వాడు దిగచ్చిండు."

నర్సవ్వ ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదట. రాజవ్వ తల్లి చాటనే ఒళ్ళో పెట్టుకుని చుట్టడం నేర్చుకుందట. వాడకట్టు ఆడవాళ్ళు ఆ పిల్లకు ఆకు కత్తిరించడం నేర్పుతూ, మీ అమ్మ ఇలా నిలబడ్డదని చెప్పేవాళ్ళట.

లచ్చవ్వ కొడుకును పిలిచి ఫోను కలపమంది. స్పీకరు పెట్టించింది. మౌనిక వద్దంటున్నా వినలేదు.

"రాజీ, పీరీ ముందట నిలవడ్డది నువ్వేనని చెప్పినవంటనే?"

 "గా ముసలామె ఆడున్నదా?" అంది రాజవ్వ.

"ఉన్నది. ఇంటాంది."

"ఇననీ. గీ పిల్ల మొదలు అచ్చినప్పుడు నీ పేరేంది, నీ వయసెంత, నువ్వేం జేసినవని అడిగింది. మా అమ్మ పేరు అడగలే. నేనేం జేసిన? చిన్నప్పటి సంది కూసొని బీడీలు చుట్టిన. గది చెప్తె రాసుకుంటదా? అందుకే అమ్మది చెప్పిన."

మౌనిక ఫోను దగ్గరకు జరిగింది. "తప్పు నాది అవ్వా. నేనడగలే. అమ్మ పేరే రాస్త."

"పేరుతోని రాస్తవా?"

"పేరుతోనే. నువ్వు చుట్టింది సుత రాస్త."

"గది ఎవలు చదువుతరు" అంది రాజవ్వ. ఆగి, మళ్ళీ అంది. "వాడకట్టుల ముగ్గురు నర్సవ్వలుండె. పొడుగు నర్సవ్వ అని రాయి. లేకుంటె కలిసిపోతది."

కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు ఏం అరుచుకున్నారో మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

తిరిగి వచ్చాక

మౌనిక నాలుగో అధ్యాయం మొదటినుంచి మళ్ళీ రాసింది. వీధి వీధంతా లేచిందన్న మాట తీసేసింది. పొడుగు నర్సవ్వ ఒట్టు పెట్టిందని, ఇద్దరు ముగ్గురు తోడు నిలిచారని, తక్కినవాళ్ళు తర్వాత కలిశారని రాసింది. ఆ సంగతి తల్లి లేని పిల్ల నోట "నేను" అయి ఎలా బతికిందో కొత్తగా చేర్చింది. సంవత్సరం తేలలేదు. లచ్చవ్వకు పదో పన్నెండో, రాజవ్వకు నడక రాలేదు. వాళ్ళిద్దరి ఆధార్ కార్డుల్లోనూ పుట్టినరోజు జనవరి ఒకటే. నేను ఎన్ని విధాల వేసి చూసినా లెక్క రెండు సంవత్సరాల దగ్గర ఆగిపోయింది. ఏదో ఒకటి నిర్ణయించమన్నాను. మౌనిక రెండూ రాసి, మధ్యలో "లేదా" అని పెట్టింది. నాలుగుసార్లు పెన్సిలు తీసి నాలుగుసార్లూ పక్కన పెట్టాను.

గడువు ఆఖరి రోజున గైడు సంతకం చేశాడు. ఈ అధ్యాయం పలచబడిందన్నాడు, పరీక్షకులు పట్టుకుంటే తన పూచీ లేదన్నాడు. ఆఫీసు మూసేముందు మౌనిక ఇచ్చేసి వచ్చింది. రిపోర్టులు ఇంకా రాలేదు. తపాలా బండి చప్పుడైతే చాలు, మేడ మెట్ల మీద చెప్పులు వినబడతాయి. కాలేజీవాళ్ళు ఉద్యోగం మాట ఎత్తడం లేదు. లక్ష్మి ఫోను చేస్తే ఇప్పటికీ "చూద్దాం" అనే అంటున్నాను.

రాజవ్వ మౌనికకు చెయ్యదు, నాకే ఫోను చేస్తుంది. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. బాగున్నవా అని అడగదు.

"అమ్మ పేరు అచ్చయిందా?"

ఇంకా లేదంటాను. పెద్ద సార్లు చదవాలి, ఆ తర్వాత మౌనికను కూర్చోబెట్టి ప్రశ్నలడగాలి, అప్పుడుగానీ కాదని ప్రతిసారీ వివరంగా చెబుతాను.

"మా అమ్మ గురించి పిల్లను అడుగుతరా?" అంది మొన్న.

అడుగుతారన్నాను.

"మరి మంచిగ చెప్పుమను" అని పెట్టేసింది.